దుకాణంల నడిచి తండాల ఆగే లాప్‌టాప్

2025ల ఎండలు ఎల్లిపోయి మొదటి వానలు వడ్డ దినాలు. మానుకోటల స్టేషన్ రోడ్డు పొంటి యూసుఫ్ భాయ్ లాప్‌టాప్ రిపేర్ దుకాణం. కాయిదాల మీద మహబూబాబాద్ అని ఉంటది గని మా నోట్లెకెళ్లి ఎప్పుడైనా మానుకోటనే వస్తది. భాయ్‌ది పెద్ద దుకాణం జనగామల ఉన్నది, గాయన ఎక్కువ ఆడనే ఉంటడు. మానుకోట దుకాణం నా ఇంటర్ అయినకాన్నుంచి నేనే సూస్కుంటున్న. పొద్దుగాల షట్టర్ లేపేది నేనే, స్క్రూడ్రైవర్ వట్టేది నేనే, "సార్ లేడా అమ్మా?" అని అడిగినోళ్లకు "నేనే సార్‌ను" అని చెప్పేది నేనే.

గా వారమే నా డిగ్రీ రిజల్ట్ వచ్చింది. బీఎస్సీ కంప్యూటర్స్, ఫస్ట్ క్లాస్! పగలు దుకాణం, పొద్దుమీకినంక పుస్తకాలు, గట్ల సదివి పాసైన. మా ఇంట్ల తాత గాని, బాపు గాని, యాడి గాని బడిమెట్టు ఎక్కినోళ్లు గాదు. యాడి అంటే మా లంబాడి మాటల అమ్మ. మా ఇంట్ల డిగ్రీ అనేది నాతోనే మొదలు. నాకు కాలు భూమ్మీద నిలుస్తలేదు. దుకాణంకు ఎవలొస్తే వాళ్లకు చెప్పుడే. చార్జర్ కొననీకి వచ్చిన ఒక పెద్దమనిషికి గూడ, "బాపూ, దీనికి ఆర్నెల్ల వారంటీ ఉన్నది, నేను డిగ్రీ పాసైన" అని ఒక్క ఊపుల చెప్పిన. గాయన పాపం, "మంచిగున్నది బిడ్డా. మరి పిన్ను లూజ్ గాదు గదా?" అన్నడు.

గంత సంబురంల ఉన్న నాడే సరిత వచ్చింది.

సరిత ఎవలో చెప్పాలె. నెల్లికుదురు దిక్కు మాది ఒక తండా, ఆమెది దాని పక్క తండా. గురుకులంల ఆరో తరగతి కాన్నుంచి ఇద్దరం ఒక్క బెంచి. ఆమె ఫస్ట్, నేను సెకండ్. ప్రతిసారి గింతే. లెక్కలల్ల నాకు తొంభై ఎనిమిది వస్తే ఆమెకు తొంభై తొమ్మిది. ఉరుకుడు పందెంల నేను పానం వెట్టి ఉరికితే ఆమె ముందే పోయి నిలవడి సప్పట్లు కొట్టేది, గదీ నా కోసం! ఆఖరికి హాస్టల్ల సాంబార్ వోసే ఆయమ్మ గూడ ఆమె పళ్లెంల ముక్కలేసేది, నా పళ్లెంల నీళ్లు వోసేది. ఇంటర్ అయినంక ఆమె ఇంజినీరింగ్‌కు వరంగల్ పోయింది. నేను దుకాణంల చేరి, దూరవిద్యల డిగ్రీ కట్టిన.

గా సరిత ఒక లాప్‌టాప్‌ను తువ్వాలల సుట్టుకొని కౌంటర్ మీద వెట్టింది.

"ఏందే జ్యోతీ, ఇంక గీడనే ఉన్నవా?"

"నేను డిగ్రీ పాసైన," అన్న. ఆమె అడిగింది గది గాదు.

"అబ్బ! కంగ్రాట్స్ పిల్లా! నాది గూడ బీటెక్ అయిపోయింది గదా మొన్ననే."

సూడుండ్రి. నా వార్త నోట్లెకెళ్లి బయటవడి ఊపిరి తీస్కోలేదు, దాని మీద ఆమె వార్త వచ్చి కూసున్నది. కడుపుల సన్నగ మంట లేసింది. పైకి మాత్రం నవ్విన. "ఏమైంది దీనికి?" అని లాప్‌టాప్ దిక్కు సూసిన.

అది మస్తు పాతది. భూపాలపల్లిల వాళ్ల బావ డ్రైవర్‌గ చేసే ఆఫీసుల పాత మిషన్లు తీసేస్తుంటే ఒకటి ఆమె సదువుకని తెచ్చి ఇచ్చిండట. నాలుగేండ్ల బీటెక్ దాని మీదనే లాగింది. ఇప్పుడేమో ఆన్ చేస్తే మొదలు మంచిగనే నడుస్తది, కొద్దిసేపైనంక మెల్లగైతది, మౌస్ జరుపుతే బాణం గుర్తు మొరాయించి మొరాయించి కదుల్తది, ఇగ ఉన్నట్టుండి టప్పున ఆగిపోతది.

"వచ్చే శనివారం నాకు ఒక కంపెనీది ఫైనల్ టెస్ట్ ఉన్నదే," అన్నది సరిత. గా మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వు పోయింది. "ఇంట్ల కూసొనే రాయాలె. కెమెరా ఆన్‌ల ఉంటది, మొఖం పక్కకు పోవద్దు. ఈ లాప్‌టాప్‌నే రిజిస్టర్ చేసిన, వేరే దాంట్ల రాయనియ్యరట. నడుమ ఆగితే లాక్ అయితది, మళ్ల తెరవరు. గింతదాక వచ్చినోళ్లం శానా తక్కువ మందిమి జ్యోతీ."

అంటే ఆమె పట్నంల కంపెనీ ఉద్యోగానికి ఒక్క పరీక్ష దూరంల ఉన్నది. నేను నా ఫస్ట్ క్లాస్ మెమోను చార్జర్లు కొనేటోళ్లకు సూపిస్తున్న. మంట జర పెద్దగైంది.

గిసోంటి కేసుల మేం మొదలు అడిగేది ఒక్కటే: ఆగే ముందు మెల్లగైతదా, ఒక్కసారే ఆగుతదా? ఒక్కసారే ఆగితే కరెంటు దిక్కు చూడాలె, అంటే బ్యాటరీ, అడాప్టర్, చార్జింగ్ పిన్ను. మెల్లగై ఆగితే వేడి. లోపల పని మొత్తం జేసే చిప్పును ప్రాసెసర్ అంటరు. అది వేడెక్కితే ముందుగాల తన పని తనే తగ్గించుకుంటది, గందుకే మెల్లగైతది. అయినా వేడి తగ్గకపోతే, కాలిపోకుంట తనను తనే బంద్ జేసుకుంటది. దీన్ని థర్మల్ షట్‌డౌన్ అంటరు. మిషన్ చెడిపోయి ఆగుడు గాదు అది, బతకనీకి ఆగుడు.

ఇప్పి సూసిన. ఫ్యాన్ రెక్కల నడుమ తెల్లగ నూగు పేరుకొని ఉన్నది. మా దిక్కు పత్తి ఏరే ఇండ్లల్ల నుంచి వచ్చే లాప్‌టాపులల్ల దుమ్ముకంటె పత్తి నూగే ఎక్కువ ఎల్తది. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ ఎండిన సున్నం లెక్క పొడిపొడిగ రాలింది. చిప్పు వేడిని మీదున్న రాగి పట్టీకి అందిచ్చేది గా పేస్టే, అది ఎండితే వేడి ఆడనే ఉంటది. అంత సాఫ్ జేసి, కొత్త పేస్ట్ వెట్టి, బిగిచ్చి స్ట్రెస్ టెస్ట్ వెట్టిన. స్ట్రెస్ టెస్ట్ అంటే మిషన్‌తోని కావాల్నని బరువు పని చేపిచ్చుడు. ఇంతకుముందు తొంభై ఎనిమిది డిగ్రీలకు పోయేది, డెబ్బై దగ్గర నిలవడ్డది. పొద్దంత నడిచింది, ఒక్కసారి గూడ ఆగలే.

ఇంకొకటి గూడ కనవడ్డది. హింజ్, అంటే స్క్రీన్‌ను కింది భాగంకు కలిపే మడతబందు, పూరాగ ఇరిగింది. స్క్రీన్ ఎత్తితే నిలుస్తలేదు, ఎనకకు వాలిపోతున్నది. నేను దుకాణంల గోడకు ఆనిచ్చి టెస్ట్ వెట్టిన.

"దీనికి బాడీ మార్చాలె సరితా. గీ మోడల్ బాడీ ఇప్పుడు దొరకది."

"గదానికి మా యాడి ఉపాయం జేసింది లే," అని నవ్వింది. ఏ ఇటుకనో, డబ్బనో ఎనక వెట్టి ఉంటరనుకున్న.

"ఇగ పరేషాన్ గాకు. దర్జాగ రాసుకో," అని చేతికిచ్చిన. పని మీద నాకు నమ్మకం. మంట అట్లనే ఉన్నది గని, సరిత లాప్‌టాప్ నా చేతుల బాగైందన్న సంబురం గూడ ఉన్నది. జీవితంల మొదటిసారి ఆమెకు రానిది నాకు వచ్చింది గదా!

గా సంబురం ఎక్కువ నిలువలే. ఒక రోజు గడిచిందో లేదో సరిత మళ్ల దిగింది. తువ్వాల కౌంటర్ మీద ఇసిరింది.

"అదే కథ! మాక్ టెస్ట్ రాస్తుంటే నడుమల ఆగింది!"

"మెల్లగైందా ముందు?"

"మెల్లగైంది, ఆగింది, నా పానం గూడ ఆగింది. ఫస్ట్ క్లాస్ అంటివి, గిదేనా?"

నాకు సుర్రుమన్నది. అయినా ఓర్సుకొని ఆమె ముందటనే ఆన్ జేసిన. టెస్ట్ వెట్టిన. అడాప్టర్ మార్చి సూసిన, బ్యాటరీ తీసి సూసిన, పేస్ట్ సరిగ పరుచుకున్నదా అని మళ్ల ఇప్పి సూసిన. దానికేం రోగం లేదు. ఫ్యాన్ గుయ్యిమని తిరుగుతున్నది, ఎనక సందుకెళ్లి వేడి గాలి మంచిగ బయటికి కొడ్తున్నది. సరిత స్టూల్ మీద కూసొని సూస్తనే ఉన్నది. లాప్‌టాప్ ఆగలే. దుకాణంల ఆగనే ఆగదు అది!

"సూడు, నడుస్తున్నది గదా," అన్న.

సరిత మెల్లగ అన్నది: "జ్యోతీ, ఒక్క మాట అడుగుత, కోపం జేస్కోకు. నేను పోవుడు నీకు ఇష్టమేనా?"

"అంటే?"

"చిన్నప్పటికాన్నుంచి ఎరుకే గదనే. నాకు మార్కులొస్తే నీ మొఖం ఎట్లయితుండెనో."

నా చేతుల స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. కుళ్లు ఉన్నది నిజమే, లేదని ఎట్లంటా? గని కుళ్లుకుంట మిషన్ కరాబ్ జేసే మనిషిని కాదు నేను. గా ముచ్చట ఆమెకు ఎట్ల సమజ్ చేపియ్యాలె? శనివారం నడుమల లాప్‌టాప్ ఆగిందంటే ఆమె ఉద్యోగం పోతది. రెండు తండాలల్ల, "జ్యోతే ఓర్వలేక గట్ల జేసింది" అన్న మాట లేస్తది. నా డిగ్రీ గిగ్రీ ఎవ్వలకు యాదికుండదు.

"నీ లాప్‌టాప్ ఆగితే నా పేరు గూడ ఆగుతది," అన్న. "నీకోసం గాకపోతే నాకోసం బాగుజేస్త, పో."

ఆమె మిషన్‌ను మళ్ల తువ్వాలల సుట్టుకుంట జర నవ్వింది. జరనే.

యూసుఫ్ భాయ్‌కు జనగామకు ఫోన్ జేసి కథ మొత్తం చెప్పిన. గాయన అటు ఎవలదో మిషన్ ఇప్పుకుంటనే విన్నడు.

"అరె బేటీ, నీ దగ్గర నడుస్తది, గాడ ఆగుతది. అంటే రోగం మిషన్‌ల లేదు, గాడ ఉన్నది. తండాల కరెంట్ చూసినవా? మోటార్లు అన్ని ఒక్కసారి ఏస్తే ఓల్టేజ్ పడిపోతది."

"ఓల్టేజ్ అయితే ఒక్కసారే ఆగాలె గదా భాయ్? ఇది మెల్లగై ఆగుతది."

"మంచి మాట. అయితే నాకూ తెల్వది. గాడికే పోయి సూడు. దుకాణం జర బంద్ వెట్టు. ఇంకొకటి విను, ఆ పిల్ల మీద కోపంతోని పోకు, మల్టీమీటర్ తోని పో."

మల్టీమీటర్ అంటే కరెంటు ఎంతున్నదో కొలిసే డబ్బ. అది సంచిల ఏసుకొని మా బాపు బండి మీద పోయిన. కోపం గూడ నా ఎంబడే వచ్చింది, ఏం జేస్త.

సరిత వాళ్ల ఇల్లు తండాకు ఆ కొసకు ఉంటది. వాళ్ల యాడి, నేను పెద్దమ్మ అని పిలుస్త, వాకిట్ల కూసొని పత్తి కట్టె ఇరుస్తున్నది. పెద్దమనిషి, ఇంక గా పాత లంబాడి వేషమే, చేతుల నిండ గాజులు, రవిక మీద అద్దాలు.

"రా బిడ్డా జ్యోతీ, డిగ్రీ పాసైనవట గదా!" అన్నది. సూడుండ్రి, నేను చెప్పకముందే ఈ వార్త ఎత్తింది ఈమె ఒక్కతే! ఒక్క నిమిషం ఇంటోళ్లందరి మీద ప్రేమ వచ్చింది.

లోపల ప్లగ్గుల మల్టీమీటర్ వెట్టి సూసిన. ఓల్టేజ్ మంచిగనే ఉన్నది. సరిత మోటార్లు నడిచే టైంల గూడ రాసి చూసిందట, ఆగేది కరెంట్ ఉన్నా లేకున్నా ఆగుతది. భాయ్ చెప్పిన అనుమానం గట్ల పోయింది.

"సరే, నువ్వు రోజు ఎట్ల రాస్తవో గట్లనే కూసొని రాయి. నేను పక్కకు నిలవడి సూస్త," అన్న.

"ఆగు, స్క్రీన్ నిలువది. యాడీ, గలీబు తే!"

గలీబు అంటే మెత్తకు, అదే దిండుకు, తొడిగేదని అందరికి ఎరుకే. గని పెద్దమ్మ సందూగ తెరిచి తీసింది మెత్త గలీబు గాదు. లాప్‌టాప్‌కు కుట్టిన గలీబు! పుస్తకం అట్ట లెక్క రెండు జేబులు. మీది జేబుల స్క్రీన్ దూరుతది, కింది జేబుల కీబోర్డు భాగం దూరుతది, అక్షరాలకాడ మాత్రం తెరిచి ఉన్నది. రెండు పక్కల అల్లిన నాడలు. అవి కట్టితే ఇరిగిన స్క్రీన్ సక్కగ నిటారుగ నిలవడ్డది! ఎర్ర బట్ట మీద నీలి దారం, పచ్చ దారం, నడుమ నడుమ అద్దాలు, అంచుకు గవ్వలు.

"గిది... దుకాణంకు ఎన్నడు తేలేదేందే?"

"యాడి ఇయ్యది. బజార్ల నలుగురి కండ్లు వడ్తయట. నీ దుకాణంల నూనె మరకలైతయట," అని సరిత నవ్వింది. "నువ్వు అడుగుతవు గదా హింజ్ అని. గిదే మా హింజ్. యాడి పెండ్లినాటి గాగ్రా కోసి ఎండాకాలమంత కూసొని కుట్టింది."

ఇగ నా సంగతి చెప్పాలె. మార్కులు పోయినయంటే పోయినయ్, ఇంజినీరింగ్ పోయిందంటే పోయింది. గని గా గలీబు సూసినంక లేసిన మంట అట్లాంటిట్లాంటిది గాదు. మా యాడి ఎన్నడో అద్దాల బట్టలు ఇడిసి చీర కట్టింది, సూది వట్టుడు మర్సిపోయింది. నేను దుకాణంల చేతులు కాల్సుకుంటే "మందు పూసుకో" అంటది, గంతే. ఇద్దరు తల్లులు ఒక్క తీరుగ ఉండరు, గది నాకు తెలుసు. తెలిసి గూడ మండింది. ఈమెకు ర్యాంకులూ ఉండాలె, ఇట్ల కుట్టే యాడీ ఉండాలె?

గలీబును లాప్‌టాప్ నుంచి తీసి చేతుల వట్టుకున్న. "ఏది, జర సూడనియ్యి" అన్న. ఏం ఎతుకుతున్ననో నాకు తెలుసు. ఒక్క వంకర కుట్టు! ఒక్క అద్దం పక్కకు జరిగితే సాలు, ఒక్క ముడి వదులైతే సాలు, లోపల్నన్న అనుకుందును, గిది గూడ అంత గొప్పదేం గాదని. ముందట సూసిన. ఎక్కడ లేదు. పెద్దమ్మ కుట్టు గీత గీసినట్టే ఉన్నది. ఎనక దిక్కు సూడాలె, పనితనం ఎనకనే దొరుకుతది అని తిప్పిన. ఎనక గూడ సక్కగనే ఉన్నది. ఇగ లోపటి దిక్కు సూద్దామని జేబును బట్ట సంచి తిరగేసినట్టు తిరగేసిన.

లోపల కింది బట్ట మీద గీతలు. ఒకదాని పక్కకు ఒకటి, బూడిదరంగు దుమ్ము గీతలు, వరుసగ, గుండ్రంగ.

గా గీతలు నాకు ఎరుకే! లాప్‌టాప్ అడుగున గాలి గుంజుకునే సందులుంటయ్, వాటిని వెంట్ అంటరు. ఫ్యాన్ గా సందులకెళ్లి గాలి గుంజి, ఎనక సందుకెళ్లి వేడిని బయటికి ఊదుతది. గా వెంట్ అచ్చు బట్ట మీద వడ్డది. అంటే ఫ్యాన్ గాలి కోసం గుంజి గుంజి బట్టనే గుంజుకున్నది. వేళ్లతోని వత్తి సూసిన. బట్ట ఒక్క పొర గాదు, బొంత లెక్క నాలుగైదు పొరలు, నడుమ పత్తి. అడుగూ మూసింది, ఎనకా మూసింది.

"పెద్దమ్మా, లోపల పత్తి ఎందుకు వెట్టినవ్?"

"ఒళ్లో వెట్టుకొని రాస్తది గదా బిడ్డ. కాలుతదని," అన్నది మళ్ల వాకిట్లకు పోయి కూసున్న పెద్దమ్మ.

బిడ్డ కాళ్లు కాలొద్దని తల్లి కుట్టింది. గా వేడి బయటికి పోనీక తొవ్వ లేక మిషన్ ఊపిరాడక ఆగుతున్నది. నేను ఎంత సాఫ్ జేసినా, ఎంత పేస్ట్ వెట్టినా ఏం లాభం? దుకాణంకు వచ్చేటప్పుడు రోగాన్ని సందూగల దాసి వస్తున్నరు.

సరితను ఇంటి మూలకు గుంజి చెప్పిన. ఆమె మొఖం తెల్లగైంది.

"చెప్పకు," అన్నది. "జ్యోతీ, నీ కాల్మొక్త, యాడికి చెప్పకు. ఆమెకు కండ్లు సరిగ కనవడకున్నా కుట్టింది. తన కుట్టుతోనే నా పరీక్ష పోతుండె అని తెలిస్తే..."

"గలీబు తీసేసి రాయి మరి."

"స్క్రీన్ ఎట్ల నిలవాలె? గోడకు ఆనిస్తే జారుతది. కెమెరా పక్కకు తిరిగితే వార్నింగ్ వస్తది, రెండోసారి తిరిగితే బయటికే."

"ఏం గుసగుసలే?" పెద్దమ్మ గడపకాడికి వచ్చి నిలవడ్డది. నా చేతుల తిరగేసిన గలీబు సూసింది. దుమ్ము గీతలు సూసింది. ఆమె ఏం తెల్వని మనిషి గాదు, మా ఇద్దరి మొఖాలు సూసిందంటే సాలు. "నా కుట్టుతోనేనా?"

సరిత నా దిక్కు ఉరిమి సూసింది. అబద్ధం చెప్తే గా గలీబుతోనే శనివారం వస్తది.

"అవ్ పెద్దమ్మా," అన్న. "కింద గాలి తొవ్వ మూసుకుపోయింది. గని గిది లేకుంటె స్క్రీన్ నిలువది. గందుకు తీసేసుడు గాదు, తొవ్వ ఇడువాలె."

పెద్దమ్మ జరసేపు గలీబును తిప్పితిప్పి సూసింది. నేను బుగులుతోని నిలవడ్డ. ఇగ తలమీది బట్ట సవరిచ్చుకొని సరితను కొట్టినంత పని చేసింది.

"గాలి గావాలని ముందుగాల చెప్తే ఏం పోయె నీకు? మిర్చి బోరం సంచికి గూడ గాలి తొవ్వ ఇడుస్తం. లోపల మక్కిపోదా? గింత సదువు సదివి గది చెప్పరాదా?"

"నాకేం తెలుసు యాడీ!"

"ఎంత వెడల్పు గావాలె?" అని నన్ను అడిగింది. "నువ్వు గీత గియ్యి."

పొయ్యిలకెళ్లి బొగ్గు ముక్క తెచ్చిచ్చింది. లాప్‌టాప్ అడుగు వెంట్ ఎక్కడున్నదో కొలిసి బట్ట మీద గీసిన. ఆమె బ్లేడ్ తోని కోసింది. కోసేటప్పుడు సరిత మొఖం తిప్పుకున్నది. పెద్దమ్మ తిప్పుకోలే. పత్తి గుంజి తీసింది, కోసిన అంచు మడిచి కుట్టింది. బట్ట జారొద్దని రంధ్రం మీద అడ్డంనిలువు దారాలు గుంజి జాలి లెక్క అల్లింది. కిటికీకి జాలి ఉన్నట్టే, గాలి పోతది, గలీబు బిగువు పోదు.

తొడిగి స్ట్రెస్ టెస్ట్ వెట్టిన. ముగ్గురం స్క్రీన్ మీద నంబర్ దిక్కు సూస్తున్నం. పెద్దమ్మకు అంకెలు రావు. "తగ్గుతున్నదా?" అని ఒక్కటే అడుగుడు. ఎనభై ఎనిమిది కాడ ఆగింది.

"ఇంక జర ఎక్కువనే ఉన్నది పెద్దమ్మా. ఎనక దిక్కు గూడ ఒకటి గావాలె. వేడి బయటికి పోయేది గాడికెళ్లే."

"ఎనక అద్దాల వరుస ఉన్నది."

ఆమె అద్దాల మీద ఒకసారి చెయ్యి వెట్టి, ఒక్కొక్కటి ఇప్పింది. ఎనక గూడ జాలి అల్లి, ఇప్పిన అద్దాలను జాలి సుట్టు మళ్ల కుట్టింది. ఇప్పుడు అది ముందుకంటె సక్కగున్నది! నాకు మళ్ల మండింది. రంధ్రం కోస్తే గూడ అందమెక్కే కుట్టు ఉంటదా ఎక్కడన్న?

ఈసారి డెబ్బై నాలుగు. అక్కన్నుంచి కదల్లే. సరిత మాక్ టెస్ట్ మొదటికెళ్లి ఆఖరు దాక రాసింది. లాప్‌టాప్ ఆగలే. పెద్దమ్మ అడుగున చెయ్యి వెట్టి, "ఊపిరి తీస్కుంటున్నది," అన్నది.

శనివారం నేను దుకాణంల ఉన్న. ఒక సార్ ప్రింటర్ తెచ్చి ఏదో చెప్తున్నడు, నాకు ఒక్క ముక్క ఎక్కలే. ఆ రోజు భాయ్ గూడ మానుకోటనే ఉన్నడు. "బేటీ, పరీక్ష ఆ పిల్లదా, నీదా? చెమటలు నీకు వస్తున్నయ్," అన్నడు. నిజమే. ఆగితే ఆమెకు ఉద్యోగం పోతది, నాకు పేరు పోతది. గని నిజం చెప్పాలంటే గా టైంల నా పేరు యాదికే రాలే. గా నంబర్ ఒక్కటే కండ్లల్ల మెదిలింది. డెబ్బై నాలుగు, డెబ్బై నాలుగు.

ఫోన్ మోగింది.

"ఆగలేదే!" సరిత ఒర్లింది. "ఒక్కసారి గూడ ఆగలే! మొత్తం రాసిన!"

కొన్నొద్దులకు ఉద్యోగం గూడ వచ్చింది. చెప్పనీకి దుకాణంకే వచ్చింది, ఈసారి తువ్వాల లేదు. లాప్‌టాప్‌ను గలీబుతోనే తెచ్చి నలుగురు సూస్తుండంగ కౌంటర్ మీద వెట్టింది. వాళ్ల యాడే ఇచ్చి పంపిందట.

"జ్యోతీ, ఒకటి చెప్పాలె," అన్నది. "ఆనాడు ఇంట్ల నువ్వు గలీబును తిరగేసి మర్లేసి సూస్తుంటే నాకు మస్తు కోపమొచ్చింది. కండ్లు వెడ్తున్నవ్ అనుకున్న."

"పెట్టిన," అన్న.

ఆమె నా మొఖం సూసింది. నేను ఆమె మొఖం సూసిన. ఇద్దరికి ఒక్కసారే నవ్వొచ్చింది. ప్రింటర్ తీస్కపోనీకి వచ్చిన గా సార్, మాకేమైందని ఆనాడు గూడ మానుకోటనే ఉన్న భాయ్‌ను అడిగిండు. భాయ్, "చిన్నప్పటి బీమారి సార్, మందు లేదు," అన్నడు.

ఆమె పట్నం పోయింది. నేను గీడనే ఉన్న. గీ కేసు నాకు నేర్పింది రెండు. మొదటిది పని ముచ్చట. ఇప్పుడు ఎవలు ఫోన్ జేసినా నేను చెప్పేది ఒక్కటే: "ఇంట్ల ఎట్ల వాడ్తరో గట్లనే తీస్కరాండ్రి. ఏం తీసెయ్యకుండ్రి, ఏం తుడువకుండ్రి." గట్ల చెప్తే డోర్నకల్ నుంచి ఒక రైల్వే అంకుల్ లాప్‌టాప్‌ను పూజగదిల పీటతో సహా తెచ్చిండు, పీట మీద మందంగ ఉన్ని బట్ట. జఫర్‌గఢ్ టీచరమ్మ కింద తడి తువ్వాల వెడ్తదట, సల్లగుంటదని! మిషన్ ఒక్కదాన్నే సూస్తే సగం రోగమే కనవడతది.

రెండోది నా ముచ్చట. గా గలీబును ప్రేమతోని సూసిన సరితకు దుమ్ము గీతలు కనవడలే. కుట్టిన పెద్దమ్మకు కనవడలే. వంకర కుట్టు ఒక్కటన్న దొరకాలని కుళ్లుకుంట సూసిన నాకు కనవడ్డయ్. గందుకే గీ కుళ్లును పోగొట్టుకోవాలని నేను కిందమీద పడ్తలేను. అట్లనే ఉన్నది, సరిత ఫోటో పెట్టినప్పుడల్ల లేస్తది. లేసినప్పుడు దాని చేతికి ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చి, ముందట ఒక మిషన్ వెడ్తున్న.